అత్తయ్య వాకింగ్

నేను మేడ మీద బట్టలు ఆరేస్తుంటే మా ఆయన వచ్చి, "ఇల్లు చూసేశాను" అన్నారు. చేతిలో తడి దుప్పటి బరువుగా ఉంది. రెండో కొస పట్టుకోమని అందించాను. పట్టుకున్నారు గానీ దండెం మీద వెయ్యడం మర్చిపోయి, అలాగే నిలబడి చెప్పుకుపోయారు. ఊరికి దూరంగా కొత్త కాలనీ, చుట్టూ ఎత్తు ప్రహరీ, గేటు దగ్గర కాపలా, విడివిడి ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ కాస్త తోట. "పాపకి స్కూలు బస్సు గేటు దాకా వస్తుంది. అమ్మకి ప్రశాంతంగా ఉంటుంది, వాకింగ్ ట్రాక్ కూడా ఉంది. ఇక నీకు పెద్ద వంటిల్లు. ఇప్పుడున్నదానికి రెండింతలు!"

నాకు పెద్ద వంటిల్లు కావాలని ఎప్పుడడిగానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పెద్ద వంటిల్లంటే తుడవడానికి ఎక్కువ నేల, అంతే. "మరి నా ఉద్యోగం?" అన్నాను. "రోజూ అంత దూరం ఏం తిరుగుతావు? మానేద్దువుగాని. ఇన్నేళ్ళు ఎండలో తిరిగింది చాలదూ?" అన్నారు ఎంతో ప్రేమగా. నాకు చిక్కంతా ఆ ప్రేమతోనే. కేకలేసే మనిషైతే నేనూ కేకలెయ్యచ్చు. జాలిపడే మనిషిని ఏమంటాం? పైగా, "ఊళ్ళోవాళ్ళందరికీ ఇళ్ళు చూపించి అలిసిపోతుంటావు, మన ఇల్లు కూడా నువ్వే వెతకడం ఎందుకని నేనే చూసేశాను" అని నా చెంప తట్టి కిందికి వెళ్ళిపోయారు. దుప్పటి కొస మాత్రం నేల మీద పడి మట్టయింది. మళ్ళీ ఉతికాను.

నా ఉద్యోగం ఇళ్ళు చూపించడమే. కొనుక్కోవాలని వచ్చేవాళ్ళలో ఎవరికి ఏ పేట సరిపోతుందో చూసి చెప్పడం. మా ఆయన నలుగురిలో దాన్ని "తలుపులు తీసే ఉద్యోగం" అంటారు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. తాళంచెవుల గుత్తి ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది కాబట్టి అబద్ధమనడానికీ లేదు. కానీ తలుపు తియ్యకముందు చూసుకోవాల్సింది చాలా ఉంటుంది. కొత్తగా పెళ్ళైన జంట వస్తే బాల్కనీ కావాలంటారు, పొద్దున్నే ఎండ పడాలంటారు. వాళ్ళకి నిజంగా కావాల్సింది మందపాటి గోడలు, ఆ మాట నోరు విప్పి అడగరు. చిన్నపిల్లలున్నవాళ్ళు స్కూలెంత దూరమంటారు. పిల్లకి జ్వరమని స్కూల్నుంచి ఫోనొస్తే మీ ఇద్దర్లో ఎవరు పరిగెత్తుతారని నేనడుగుతాను. "ఇద్దరమూ" అంటాడు భర్త. భార్య నా వైపు చూస్తుంది. ఇక నేను ఆవిడ ఆఫీసుకి దగ్గర్లో ఉన్న పేటలే చూపిస్తాను. రిటైరైనవాళ్ళు చెరువు కనిపించాలంటారు, వాళ్ళని మెల్లగా మాటల్లో పెట్టి మందుల షాపున్న చదును వీధికి నడిపిస్తాను. ఒంటరిగా ఉండబోయే ఆడపిల్లకైతే పగలు చూపించి వదిలెయ్యను. వీధి దీపాలు వెలిగాక మళ్ళీ తీసుకెళ్ళి బస్‌స్టాప్ నుంచి ఇంటిదాకా ఇద్దరం నడుస్తాం. ఇదంతా నాకు నేర్పింది మా ఆఫీసు నడిపే మేడమ్. చదువు మధ్యలో ఆగిపోయి, నలుగురి ముందు మాట పెగలని నన్ను ఉద్యోగంలో పెట్టుకుని, "సంతకం పెట్టేవాడి మొహం కాదు, మాట్లాడకుండా వెనకాల నిలబడేవాళ్ళ మొహం చూడు" అని చెప్పి ఊరి మీదికి వదిలింది. ఆ మహాతల్లిని తలుచుకోకుండా నేను బస్సెక్కిన రోజు లేదు.

మరి ఊళ్ళో ఆడవాళ్ళందరి తరఫునా వాదించే నేను ఆ రోజు మేడ మీద ఎందుకు నోరెత్తలేదంటే, ఇంట్లో నా అసలు పని వేరు. వంట కాదు, సర్దిచెప్పడం. అత్తయ్య మాట మా ఆయనకి గుచ్చుకోకుండా, మా ఆయన మాట అత్తయ్యకి కోపం తెప్పించకుండా, పాప మాట ఇద్దరికీ వినపడకుండా చూస్తుంటాను. ఆ పనికి జీతం లేదు, సెలవు లేదు, అదొక పని అని కూడా ఎవరికీ తెలీదు. అందరి మాటలూ అటూ ఇటూ మోసీ మోసీ నా మాట ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదు. ఆ వారమంతా నేను చేసింది ఏమిటంటే, బస్సు కిటికీలోంచి నా పేటలన్నీ చూసుకుంటూ లోపల్లోపల వీడ్కోలు చెప్పుకోవడం. కొత్త కాలనీ నుంచి మా ఆఫీసుకి రావాలంటే పొద్దున ఉన్న ఒక్క బస్సూ పట్టుకోవాలి, సాయంత్రం అదీ లేదు. కారు ఒకటే, అది మా ఆయనతో పోతుంది.

అత్తయ్య నా పక్షాన మాట్లాడతారని కలలో కూడా అనుకోలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వచ్చినవాళ్ళందరితో, "మా కోడలికి ఊళ్ళో ఎవరి పడగ్గది ఎటుందో తెలుసు గానీ మా ఇంట్లో జల్లెడ ఎక్కడుందో తెలీదు" అని చెప్పుకున్న మనిషి. నిజానికి జల్లెడని నాకందకుండా అటక మీద పెట్టింది ఆవిడే. మాట పదునేగానీ మోకాళ్ళ నొప్పులు. అయినా సాయంత్రమయ్యేసరికి చెప్పులేసుకుని కిందికి దిగి, వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ కొట్టు దాకా వెళ్ళి, కూర్చుని, చీకటిపడేలోపు వచ్చి "టీ ఉందా?" అంటారు. డాక్టరు నడవమన్నారు కదా, అత్తయ్యకి వాకింగ్ బాగా అలవాటైందని మేమిద్దరం మురిసిపోయేవాళ్ళం.

ఆదివారం ముగ్గురం బయల్దేరాం. పాప పరీక్షలకి చదువుకుంటానని స్నేహితురాలింట్లో ఉండిపోయింది. అడ్వాన్సు చెక్కు మా ఆయన జేబులో ఉంది. అది ఆ జేబులోంచి బయటికొస్తే నా ఉద్యోగం అయిపోయినట్టే. కాలనీలో టై కట్టుకున్న అమ్మకాల పెద్దమనిషి ఎదురొచ్చాడు. ఆయన విద్యలన్నీ నాకు తెలిసినవే: మమ్మల్ని చెట్లున్న రోడ్డు మీదుగానే తీసుకొచ్చాడు, మేం రాకముందే కిటికీలన్నీ తెరిచిపెట్టాడు, గోడలకి ఇంకా ఆరని రంగు వాసన రాకుండా అగరుబత్తి వెలిగించాడు. ఇల్లు మాత్రం నిజంగా బాగుంది, కాదంటే కళ్ళు పోతాయి. మా ఆయనైతే గోడల్ని చేత్తో నిమురుతూ తిరుగుతున్నారు. ఆ పెద్దమనిషి అన్నీ ఆయనకే చెప్పాడు. వంటింటి దగ్గర మాత్రం నా వైపు తిరిగి, "ఇది మేడమ్‌గారి రాజ్యం" అన్నాడు. నా రాజ్యంలో ఒక కిటికీ ఉంది, దాంట్లోంచి ప్రహరీ కనిపిస్తోంది.

తర్వాత అత్తయ్య గది, దాని ముందున్న తోట. "అమ్మగారు మొక్కలు పెంచుకోవచ్చు" అన్నాడు. మా ఆయన పెద్దగా నవ్వి, "మా అమ్మ చేతిలో మొక్క బతకదండీ. నాన్నగారు ఎప్పుడూ ఏడిపించేవారు, నీ చెయ్యి మంచిది కాదే అని" అన్నారు. అత్తయ్య ప్రహరీని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసి, "ఒరే, ఇక్కడ కోపమొస్తే నేనెక్కడికి వెళ్ళాలి?" అన్నారు.

"కోపమెందుకొస్తుందమ్మా ఇంత మంచి ఇంట్లో?"

"మంచి ఇంట్లో కోపం రాదా? రోజూ వెళ్తున్నాగా ఇప్పుడు."

"ఎక్కడికి? వాకింగ్‌కా? ఇక్కడా ట్రాక్ ఉందిగా."

"అది గుండ్రంగా తిరిగి ఇంటికే వస్తోంది కదరా, నాకెందుకది? వాకింగేమిటి నీ మొహం, ఈ మోకాళ్ళతో! కోపమొచ్చి వెళ్తున్నాను."

"రోజూనా?" అన్నారు మా ఆయన తెల్లబోయి.

"మామూలు రోజుల్లో ఒకసారి. ఆదివారం నువ్వింట్లో ఉంటావు కాబట్టి రెండుసార్లు."

నాకు నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను. కానీ అత్తయ్య నవ్వడం లేదు. తోట గట్టు మీద కూర్చుని మోకాలు రాసుకుంటూ, టై పెద్దమనిషి వింటున్నాడన్న పట్టింపు కూడా లేకుండా చెప్పారు. "మీ నాన్న కట్టించిన ఇల్లు కూడా ఇలాగే ఊరికి దూరంగా ఉండేది. మంచి ఇల్లే. కోపమొస్తే పోవడానికి పక్కిల్లు లేదు, కొట్టు లేదు, బస్సు లేదు. ఏం చెయ్యను? మొక్కలకి నీళ్ళు పోసేదాన్ని. పొద్దున ఒక మాటంటే పొద్దున పోశాను, సాయంత్రం ఒక మాటంటే సాయంత్రం పోశాను. వేళ్ళు కుళ్ళిపోక ఏం చేస్తాయి? నా చెయ్యి మంచిదేరా."

ఆ పెద్దమనిషి ఫోనొచ్చినట్టు నటించి గేటు వైపు నడిచాడు. అత్తయ్య వీధి చివరికి వెళ్ళిన సాయంత్రాల్లో సగం నా మీద కోపంతోనే అయ్యుంటుందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆ క్షణంలో ఆవిడ మీద నాకు ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్ళుగా ఇంతమంది ఆడవాళ్ళకి ఇళ్ళు వెతికాను. స్కూలడిగాను, నీళ్ళడిగాను, దీపాలడిగాను, ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఎవర్నీ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. అడిగుంటే తెలిసేది, నా ఉద్యోగం నాకు జీతం ఇచ్చే చోటు మాత్రమే కాదని, కోపంగా ఇంట్లోంచి బయల్దేరి మనిషినై తిరిగొచ్చే దారి కూడా అదేనని.

మా ఆయన నా వైపు తిరిగారు. "నువ్వైనా చెప్పు అమ్మకి" అన్నారు. సర్దిచెప్పే మాటలు నోటిదాకా వచ్చేశాయి. అలవాటైపోతుందిలెండి అత్తయ్యా, అనాలి. ఇలాంటప్పుడు నేననేది అదే. నోరు తెరిచాను. వచ్చింది మాత్రం వేరే మాట.

"నాక్కూడా వద్దండీ. ఇల్లు బాగుంది, ఈ చోటు వద్దు. నేను ఉద్యోగం మానను."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?" అన్నారాయన. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది.

"ముందే అడగొచ్చుగా?" అన్నది నేను కాదు, అత్తయ్య.

చెక్కు జేబులోనే ఉండిపోయింది. తిరిగొస్తుంటే కార్లో ఆయన్ని చూస్తే జాలేసింది. చిన్నప్పుడు తను ఆడుకున్న ఇంటిలాంటిదే వెతుక్కున్నారు పాపం, అందులో వాళ్ళమ్మ ఎలా ఉండేదో తెలీక. ఊళ్ళోకొచ్చాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, వెనక్కి తిరగకుండానే, "అయితే ఆ మొక్కలన్నీ అందుకేనా అమ్మా పోయింది?" అని అడిగారు. "అన్నీ కాదు. గులాబీ నీ వల్లే పోయింది, బంతి పెట్టి కొట్టావు" అన్నారు అత్తయ్య. ఆయన నవ్వలేకపోయారు, కళ్ళు తుడుచుకున్నారు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయన మీద నాకున్న కోపంలో చాలా భాగం అక్కడే కరిగిపోయింది. మిగతాది ఉంచుకున్నాను, అవసరపడుతుందని.

తర్వాత మా ఇల్లు నేనే చూశాను. బయటివాళ్ళకి చూపించినట్టే మావాళ్ళని వెంటబెట్టుకుని పేటలు తిప్పాను. పాపని అడిగాను, అత్తయ్యనడిగాను, మా ఆయన్నీ అడిగాను. ఆయనకి తోట కావాలన్నారు. తోట దొరకలేదు గానీ మేడ మీద తొట్లు పెట్టుకునేంత జాగా దొరికింది. చివరికి కొన్నది రెండో అంతస్తులో చిన్న ఫ్లాటు. లిఫ్టుంది. కింద మందుల షాపు, జిరాక్సు షాపు, ఒక క్షౌరశాల. వీధి చివర బస్‌స్టాప్. పొద్దున్నుంచి రాత్రిదాకా హారన్ల మోత. కారు పెట్టుకునే చోటు రెండు సందుల అవతల దొరికింది కాబట్టి ఇప్పుడు నిజమైన వాకింగ్ మా ఆయనకి. వంటిల్లు ఎంత చిన్నదంటే ఒకరు పనిచేస్తుంటే రెండోవాళ్ళు గుమ్మంలో నిలబడి ఉల్లిపాయలు తరగాల్సిందే. ఆయన తరుగుతున్నారు. సన్నగా రావు, అయినా తరుగుతున్నారు.

చేరిన నెలలోనే ఒక సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "రేపు నలుగుర్ని భోజనానికి పిలిచాను" అన్నారు. రేపు నాకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇళ్ళు చూపించే పనుందని నిన్ననే చెప్పాను. "ఏదో ఒకటి చేసెయ్, నీకదెంత పని?" అన్నారు. ఫోన్ పెట్టేశాను. ఒకప్పుడైతే అలాగే వంటింట్లోకి వెళ్ళి రేపటికి కావాల్సినవి సర్దుకునేదాన్ని. స్టవ్ ఆర్పి, పాపకి చెప్పి, చెప్పులేసుకుని కిందికి దిగాను.

జిరాక్సు షాపు బయట ఒక చెక్క బెంచీ ఉంది. దాని మీద అత్తయ్య కూర్చునున్నారు. మొహం గంటుపెట్టుకుని రోడ్డు మీద పోయే స్కూటర్లని చూస్తున్నారు. నన్ను చూసి పైనుంచి కిందిదాకా ఒక చూపు చూశారు.

"వాడి మీదేనా?" అన్నారు.

"ఊఁ. మీరెవరి మీద అత్తయ్యా?"

"నీ మీదే. నా పాత శాలువా నన్నడక్కుండా పనావిడకి ఇచ్చేశావు."

ఆవిడ మళ్ళీ రోడ్డు వైపు తిరిగి, నా మొహం చూడకుండానే బెంచీ మీద పక్కకి జరిగి, నాకు చోటిచ్చారు.