చివరి సంతకం

ఆడపడుచు కూతురి చొక్కా ఇస్త్రీ చేస్తూ ఉంది ఆమె. అప్పటికే నాలుగు టిఫిన్ డబ్బాలు సర్దింది, అత్తగారికి టీ రెండోసారి వేడిచేసి ఇచ్చింది. ఆ పిల్ల బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చి చెప్పింది.

"అత్తా, ఇవాళ్టి నుంచి నన్ను ఆఫీసులో కింద రికార్డు గదిలో వేశారు. ఆ గది చూసే బాబాయిగారే అడిగి వేయించుకున్నారట!"

ఇస్త్రీపెట్టె ఉన్నచోటే ఉండిపోయింది.

"నేనే ఆయనతో మాట్లాడాను," అన్నాడు భర్త పేపర్లోంచి తలెత్తకుండా. "ఆయన దగ్గర పని నేర్చుకుంటే దీనికిక తిరుగుండదు. పదకొండేళ్ళుగా అదే ఆఫీసులో ఉన్నావు, ఏం లాభం? గళ్ళు నింపడం తప్ప నీకేం వచ్చు? ముందు ఆ చొక్కా చూడు, మాడుతోంది."

చెప్పాలనే నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఈలోగా అత్తగారు లోపలినుంచి, "టీలో పంచదార వేశావా అసలు?" అన్నారు. పంచదార తీసుకుని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పిల్ల మాడిన మరక కనపడకుండా చొక్కా టక్ చేసుకుని, ముందు బస్సుకే వెళ్ళిపోయింది.

ఆమె పని మున్సిపల్ ఆఫీసు మేడమీద, సిబ్బంది విభాగంలో. పిల్ల ఈమధ్యే అక్కడ అప్రెంటిసుగా చేరింది; కింద రికార్డు గది చూసే పెద్దాయన్ని ఆఫీసంతా బాబాయి అనే పిలుస్తారు. ఏటా ఎంతమంది అప్రెంటిసులు చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమంది మధ్యలో మానేశారు అని పైకి నివేదిక పంపాలి. మానేసినవాళ్ళకి ఎదురుగా రెండు గళ్ళుంటాయి. కారణం అన్న గడిలో ఎప్పుడూ 'సొంత కారణాలు' అనే రాస్తారు. విభాగం అన్న గడిలో వాళ్ళు మొదట ఎక్కడ చేరారో అది రాస్తారు. అప్రెంటిసుల్ని నెలకో విభాగానికి మారుస్తారు గానీ, ఆ హాజరు పుస్తకాలన్నీ తిరగేసే ఓపిక ఎవరికుంది? ఆమెకు ముందున్న గుమాస్తా అలాగే రాశాడు, ఈమె కూడా అలాగే రాసుకొచ్చింది. పన్నుల్లోంచి ఒకమ్మాయి, నీటి సరఫరాలోంచి ఒకమ్మాయి. ఏ విభాగాన్నీ ఎవరూ వేలెత్తి చూపక్కర్లేదు.

ఈసారి మాత్రం పథకం మొదలైనప్పటి నుంచి లెక్క కావాలన్నారు. సాయంత్రానికి గడువు. పాత చేరికల రిజిస్టరుకి చెదలు పట్టింది. గత్యంతరం లేక వారం రోజులుగా హాజరు పుస్తకాలే ముందేసుకుని, మానేసిన ఒక్కొక్కరి చివరి సంతకం ఎక్కడుందో వెతుకుతోంది. మధ్యాహ్నానికి ఆఖరి పుస్తకం మూసింది. ఎనిమిది మంది. ఎనిమిది మందీ ఆడపిల్లలే. ఎనిమిది చివరి సంతకాలూ రికార్డు గది పుస్తకంలోనే, ప్రతిదాని పక్కనా ధ్రువీకరిస్తూ బాబాయి గుండ్రటి పొడి అక్షరాలు.

ఇన్నాళ్ళూ తనొక్కతే అనుకుంది. ఇరవై రెండేళ్ళ కిందట తను కూడా ఇక్కడ అప్రెంటిసే. ఆ గది, లోపలినుంచి గడియ పడిన చప్పుడు, "అరిస్తే నీ పరువే పోతుంది తల్లీ" అన్న మెత్తటి గొంతు. "పెళ్ళి కావాల్సిన పిల్లవి, నోరు మూసుకో," అంది అమ్మ. మూసుకుంది. మానేస్తూ 'సొంత కారణాలు' అని తన చేత్తోనే రాసింది. ఆ సంతకం ఉన్న పేజీని మాత్రం ఈ వారం లెక్కలో వెయ్యకుండా తిప్పేసింది. ఆ తర్వాత పెళ్ళయింది, ఇంటిపేరు మారింది, పరీక్ష రాసి గుమాస్తాగా మళ్ళీ ఇక్కడికే వచ్చింది. పదకొండేళ్ళలో ఆ మెట్లు ఒక్కసారీ దిగలేదు. ఫైలు కావాలంటే అటెండర్ని పంపుతుంది. "నాలుగు మెట్లు దిగితే అరిగిపోతావా?" అని భర్త నవ్వేవాడు. తను నోరు మూసుకున్న పాపానికి తన తర్వాత ఎనిమిది మంది. వాళ్ళలో కొందరి గళ్ళు కూడా తన చేత్తోనే నింపింది. ఇప్పుడు ఇంకో పిల్ల ఆ కిందే ఉంది, తను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని.

కుర్చీ వెనక్కి పడింది. ఎత్తి నిలబెట్టలేదు.

మెట్లు ఇరవై ఒకటి. అప్పుడూ అంతే. తలుపు వేసి ఉంది. కొట్టింది. జవాబు లేదు. రెండు చేతులతో బాదింది. చాలాసేపటికి, తీరుబడిగా గడియ తీసిన చప్పుడు.

"ఏం తల్లీ," అన్నాడు బాబాయి నవ్వుతూ. "ఎన్నాళ్ళకి దిగొచ్చావు!"

ఆయన వెనక పిల్ల ఒక ఫైలుని గుండెలకి హత్తుకుని గోడకి ఆనుకుని ఉంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పైకి రా," అంది ఆమె.

"పని మధ్యలో..." అని ఆయన ఏదో అనబోయాడు. ఆమె ఆయన్ని తోసుకుని లోపలికి వెళ్ళి, పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. పైకి తీసుకొచ్చి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, మంచినీళ్ళిచ్చి, ఎనిమిది పేర్లకీ విభాగం గడిలో 'రికార్డు గది' అని రాసింది. కింద ఇంకో పేరు చేర్చింది. కాగితం, హాజరు పుస్తకాలు, పిల్ల, అన్నీ కలిపి మేనేజరు గదిలోకి తీసుకెళ్ళింది.

మేనేజరు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. లేచి వెళ్ళి తలుపు వెయ్యబోయాడు.

"తలుపు తెరిచే ఉండనివ్వండి సార్."

ఆయన వచ్చి కూర్చున్నాడు. "ఇదేంటమ్మా? చేరిన విభాగాలే రాయి, ఎప్పుడూ రాసేట్టే. ఆయన వచ్చే నెల రిటైరవుతున్నాడు. అయినా ఎప్పుడో మానేసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో ఏమిటో. ఇదిగో, ఈ తొమ్మిదో ఆవిడ, ఇరవై రెండేళ్ళ కిందటి మనిషి. అసలేం జరిగిందని ఆవిణ్ణెవరైనా ఇప్పుడు వెతికి పట్టుకుని అడగ్గలరా?"

పిల్ల వేళ్ళు ఆమె వేళ్ళని గట్టిగా పట్టుకున్నాయి.

"మీ ఎదురుగానే ఉంది సార్," అంది ఆమె. "అడగండి."