ఓడిపోగల ప్రయోగం

పరిశోధనలకి డబ్బిచ్చే ఆ నిధివాళ్లు వింత మనుషులు. లోకమంతా గెలిచే గుర్రం మీద డబ్బు పెడితే, వీళ్లు కుంటుతుందేమో అనిపించే గుర్రాన్ని వెతుక్కుంటారు. వైద్యంలో ఎవరూ సాహసించని ఆలోచన ఏదైనా చెప్పండి, బోర్లా పడినా ఫరవాలేదు, ఖర్చు మాది అంటారు. కాకపోతే ఏడాదికి ఒక్కరికే ఇస్తారు.

ఈ ఏడు ఆ ఒక్కరూ మేడమే. ల్యాబులో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ఆవిడ పని మానని పుళ్ల మీద. కబురు తెలిసిన సాయంత్రం ఆవిడ నవ్వుకుంటూ ఇంటికి రావలసింది పోయి, దొంగలా చెప్పులు విప్పి లోపలికొచ్చింది.

దానికి కారణముంది. ఆవిడ వృత్తిలో ఓ పాత అలవాటుంది. ప్రయోగం గుట్టుగా ముందే చేసేసి, ఫలితం చూసుకుని, ఆ తరవాత "చేయబోతున్నాం, డబ్బివ్వండి" అని అడగడం. అందరూ చేస్తారు, ఎవరూ చెప్పరు. మామూలు నిధుల దగ్గర అది చెల్లిపోతుంది. ఓడిపోవడానికి డబ్బిచ్చేవాళ్ల దగ్గర కూడా ఆవిడ ఆ పనే చేసింది. వండేసిన కూరకి పొయ్యి అడిగింది. ఆవిడ మందుపూతకి లేత ఎలుకల పుళ్లు మానాయి. ముసలి ఎలుకలకి మానలేదు. ఆ రెండో సంగతి దరఖాస్తులో ఎక్కడా లేదు.

అసలు సాహసం పిచ్చుకది. పిచ్చుకంటే ఆవిడ దగ్గర చదువుకున్న పిల్ల, పీచులా ఉంటుంది, ఒక్కచోట నిలబడదు. కొంతకాలం ఈ ఇంటికే వచ్చి అత్తగారి కాలికి కట్టు కట్టేది. అత్తగారిది షుగరు పుండు. కడుగుతూ కడుగుతూ ఓ రోజు అడిగింది, "మామ్మగారూ, ఇటువైపు తాకితే తెలుస్తోందా? అటువైపు?" స్పర్శ ఉన్న వైపు పుండు దగ్గరపడుతోంది. లేని వైపు అలాగే ఉంది. "మేడమ్, లోపం చర్మంలో కాదేమో, నరాల్లో ఉందేమో! ముందు నరాన్ని లేపితే?" అని ఎగిరి గంతేసింది.

"ఇది నిలవదమ్మా, నవ్వుతారు," అంది మేడమ్. నవ్వులపాలయ్యేది తనేనని భయం. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వేరే ల్యాబులో ఓ మూల బల్ల చూసుకుంది.

మళ్లీ కనబడింది ఎక్కడా? ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద, అదే నిధికోసం. మేడమ్‌ని చూడగానే లేచి నిలబడి, "మీరొస్తారని తెలిస్తే నేను అప్లై చేసేదాన్నే కాదు మేడమ్!" అని సిగ్గుపడింది. సిగ్గుపడవలసింది ఎవరో చూడండి.

ముందు పిచ్చుక వెళ్లింది. చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఏమడిగినా తెలియదనే చెప్పాను. తెలియకే కదా చేస్తానన్నది!" అంది. తరవాత మేడమ్ వెళ్లింది. "ఇది పనిచేయకపోతే?" అని నిధివాళ్ల పెద్దాయన అడిగితే, ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. అప్పుడే ఆ ఆలోచన వచ్చినట్టు, మెల్లగా, ఎంతో బాగా జవాబు చెప్పింది. "ఇంత తెగువా!" అని పెద్దాయన మెచ్చుకుంటే తల కొట్టేసినట్టయింది. అయినా థాంక్స్ చెప్పింది.

కబురు తెలిసిన ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు అప్పటికే పక్కవాటా ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని చెబుతోంది. "మా కోడలికి గుండెధైర్యం ఎక్కువమ్మా. ఎవరూ ముట్టుకోనిది ముట్టుకుంది." పక్కవాటా ఆవిడ వెళ్లాక కాలు పీట మీద పెట్టి, "ఇంక నా కాలు మానినట్టేగా?" అంది. ఆ ముసలి మొహంలో చిన్నపిల్లకి ఉండేంత ఆశ.

మేడమ్ కట్టు విప్పుతూ ఆగిపోయింది. గుడ్డ వాసన, మందు వాసన. ఆ కాలు ఎదురుగా పెట్టుకుని అబద్ధం ఆడలేకపోయింది.

"మానదత్తయ్యా. నా మందు లేత చర్మానికే. అది నాకు ముందే తెలుసు. తెలిసే దరఖాస్తు రాశాను."

"మరి మాలాంటివాళ్లకి?"

"దాని గురించి ఆలోచించింది పిచ్చుక. ఆ డబ్బు దానికి రాలేదు. నాకొచ్చింది."

అత్తగారు కేకలేస్తుందనుకుంది. వేస్తే బాగుండును. ఆవిడ మెల్లిగా కాలు పీట మీంచి దించుకుంది.

"ఆ పిల్లని రమ్మను. కట్టు అదే కడుతుంది."

"అత్తయ్యా..."

"ఫోన్ చెయ్యి. నా ఎదురుగానే చెయ్యి."

చేతికింకా మందు అంటుకునే ఉంది. అటు ఒక్క రింగుకే ఎత్తింది పిచ్చుక.

"మేడమ్! ఇప్పుడే తెలిసింది, కంగ్రాట్స్! మీకే వస్తుందని మా ల్యాబులో పందెం కూడా కాశాను. మామ్మగారి కాలు ఎలా ఉంది?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు కోసం మేడమ్ ఆశగా వెతికింది. కాస్త కూడా లేదు.

"ఆ డబ్బు రేపు వెనక్కిచ్చేస్తున్నాను," అనాలని నోరు తెరిచింది. "బానే ఉంది, నువ్వోసారి రా," అని మాత్రం వచ్చింది. ఎదురుగా అత్తగారు పుండు మీద ఈగ వాలకుండా చీరకొంగుతో విసురుకుంటూ, కోడలి వంకే చూస్తోంది.