ఇటుకల మామ గొంతు

అమావాస్య నాడు ఆ వీధిలో ఎవరూ మగ్గం ముట్టుకోరు. మామూలుగా చౌడప్ప ఆ రోజు పొద్దున్నే మైదుకూరు పోయి, నేసిన చీరలు షావుకారుకు అప్పజెప్పి, నూలు తీసుకుని మాపటేళకు తిరిగొస్తాడు. ఈసారి షావుకారు పెండ్లికి పోయాడని కబురొచ్చింది. అందుకని ఇంటిపట్టునే ఉండిపోయి, నెలరోజులుగా మగ్గం గుంతలో పేరుకున్న నూలు నూగంతా ఊడుద్దామని చీపురు తీసుకుని దిగాడు.

నడుము లోతు గుంత. రోజూ దాంట్లో కాళ్ళు వేలాడేసి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. వంగి చెక్కల కింద ఊడుస్తుంటే మనిషి బయటికి కనపడడు. పైన పడుగు దారాలు పందిరిలా పరుచుకుని ఉంటాయి.

అలా వంగి ఉన్నప్పుడే కూతురు పద్మశ్రీ ఇంట్లోకి వచ్చింది. దానికి తొమ్మిదేళ్ళు. ఆదివారం కాబట్టి బడి లేదు. తల్లి సుంకమ్మ బోరింగు దగ్గర బట్టలు ఉతుకుతోంది. నాయన ఊరికి పోయాడనుకుందేమో, పిల్ల ఎప్పటిలా గోడవారన బోర్లా పడుకుని ఫోను ముందర పెట్టుకుంది.

"హాయ్ బంగారాలూ! మీ మామ వచ్చేశాడు!"

చౌడప్ప ఉలిక్కిపడ్డాడు. ఇంటికెవరో చుట్టం వచ్చారనుకున్నాడు. చీపురు పక్కన పెట్టి లేవబోయాడు. అంతలో ఆ గొంతు మళ్ళీ పలికింది. ఈసారి ఒక ఆవును తిట్టింది. ఆవును, దాని తల్లిని కలిపి తిట్టింది. ఆ మాట ఆ వీధిలో ఎవడన్నా ఆడపిల్లల ముందర అంటే మగ్గాల మీది మగవాళ్ళంతా లేచి వస్తారు. అట్లాంటి మాట అని పకపకా నవ్వాడు ఫోనులోని మనిషి.

పడుగు సందుల్లోంచి చూశాడు చౌడప్ప. పద్మ ముఖంలో మార్పేమీ లేదు. ఆ మాటతో పాటే దాని పెదవులు కదిలాయి. పాఠం అప్పజెప్పినట్టు కదిలాయి.

లేవబోయినవాడు అట్లే ఆగిపోయాడు.

ఆ మనిషి వీడియోలు అతను చూడనివేమీ కావు. మూడు నెలల క్రితం సుంకమ్మే అడిగింది. "యో, పాప ఏందో చూస్తాండాది పొద్దస్తమానం. మంచిదో చెడ్డదో ఒకసారి నువ్వన్నా చూడు. నాకు అర్థం కాదు." అప్పుడతను ఫోనును దారంతో మగ్గం దూలానికి కట్టి, కళ్ళ ముందర వేలాడదీసుకుని, పోగుల మధ్య నాడెను అటూ ఇటూ విసురుతూనే అరగంట సేపు చూశాడు. రెండువేల పోగుల్లో ఒక్క పోగు తెగినా పట్టుకునే కళ్ళు అతనివి. నెత్తురు ఉందేమోనని వెతికాడు. తుపాకులు, గుడ్డల్లేని ఆడవాళ్ళు ఉన్నారేమోనని వెతికాడు. ఏమీ లేవు. అన్నీ చదరపు ఇటుకల బొమ్మలు. ఇటుక మీద ఇటుక పేర్చి ఎవడో ఇల్లు కడుతున్నాడు, గోధుమ మడి వేస్తున్నాడు, గొర్రెలకు దొడ్డి కడుతున్నాడు.

"దాంట్లో చెడ్డేమీ లేదు. ఇల్లు కట్టుకుంటాండాడు పాపం ఎవడో," అన్నాడు సుంకమ్మతో.

మగ్గం నడుస్తున్న ఇంట్లో మాట వినపడదు. అన్నానికి రమ్మనాలన్నా సుంకమ్మ చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపిస్తుంది. పద్మ ఫోను గొంతు చివరికంటా పెంచి చెవి దగ్గర పెట్టుకునేది. ఆ బొమ్మలకు మాటలు కూడా ఉంటాయన్న సంగతే చౌడప్పకు ఆ అరగంటలో తట్టలేదు.

తక్కువ మాట్లాడే మనిషి. అందుకే అతని మాటకు విలువ ఎక్కువ. రెండు వీధుల అవతల గాజులమ్మే బీబమ్మ అయితే మనవరాలు శిరీన్‌కు అంతవరకూ ఫోను చూపించింది కూడా లేదు. కొడుకు ముబీన్ పొద్దున్నే ఆటో తీసుకుపోతాడు, కోడలు కుట్టుపనికి పోతుంది, పిల్ల ఆమె కొంగు పట్టుకునే ఉంటుంది. చౌడప్ప మాట వినగానే ఆమె "నువ్వు చూసినావంటే నేను చూసినట్టే లేప్పా," అని ఒప్పుకుంది. ఆ తర్వాత భీమక్క అడిగింది, ఓబుళేశు అడిగాడు, ఇంకా రెండిండ్ల వాళ్ళు అడిగారు. అందరికీ ఒకటే మాట చెప్పాడు. పిల్లలంతా ఆ వీడియోల మనిషికి ఇటుకల మామ అని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు గుంతలో గొంతుక్కూర్చుని ఆ మామ గొంతు మొదటిసారి వింటున్నాడు.

ఆట సాగుతోంది. ఇంట్లో ఉన్న ఇటుకల ముసలాణ్ణి గుంతలోకి తోసి, పైన రాళ్ళు కప్పి, "ఇట్లా మూసేస్తే ఇంక గొణగడు" అన్నాడు. మళ్ళీ నవ్వు. తర్వాత గొంతు తగ్గించి, "నా స్పెషల్ బంగారాలు మాత్రం మన నంబరుకు వాయిస్ పెట్టండి" అన్నాడు.

పద్మ వీడియో ఆపి, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "మామా, నేను పద్మను. చూస్తాండా."

కాసేపటికి ఫోను టింగుమంది. పద్మ నొక్కింది. అదే గొంతు. ఈసారి బొమ్మల్లేవు, గొంతొక్కటే.

"ఏంటి పద్మా, ఈ రోజు వెనకాల ఆ టకటక లేదే? మీ నాన్న మగ్గం మీద లేడా? ఆయన మగ్గం మీదుంటేనే మనకి హాయి. ఏం మాట్లాడుకున్నా వినపడదని నువ్వే చెప్పావుగా. సరే, శిరీన్ ఫొటో ఇంకా పంపలేదు. తలుపు కనపడేలా, నిలువునా నిలబడి తీయమని చెప్పు. నువ్వు మొన్న పంపినట్టు. ఇంట్లో చెప్పకండి, మన సీక్రెట్."

చౌడప్ప లేచి నిలబడ్డాడు. తల పడుగుకు తగిలి నాలుగైదు పోగులు పుట్టుక్కున తెగాయి.

పద్మ కెవ్వున అరిచింది. గుంతలోంచి నాయన మొలిచినట్టు వచ్చేసరికి దాని చేతిలోంచి ఫోను జారిపోయింది.

 కోపమో భయమో అతనికే తెలీలేదు. గుంత అంచు పట్టుకుని ఆగాడు. పిల్లను కొట్టడానికి చెయ్యి లేచింది గానీ, దాని కళ్ళు చూసి దించేశాడు.

"నువ్వు... ఫొటో పంపినావా పాపా?"

"మొన్న. ఇంటి ముందర. అమ్మ ఫోనులో."

"ఇంకేం చెప్పినావు?"

"అడిగినవే చెప్పినా. మన ఊరు. బడి పేరు. వ్యాను ఎన్నింటికి వచ్చేది." పద్మ గొంతు సన్నబడింది. "శిరీన్ కూడా చెప్పినాది. వాళ్ళ జేజి బీబమ్మ శనివారం సంతకు పోతాది, అప్పుడు ఒకతే ఉంటానని. ఏం నాయినా? నువ్వే గదా మంచోడని చెప్పింది."

చౌడప్ప గుంత అంచు మీద మోకాలు మోపాడు.

"శిరీన్ ఫొటో?"

"ఈ పొద్దు పంపుతానన్యాది."

చౌడప్ప గుంతలోంచి ఎగబాకి బయటపడ్డాడు. చెప్పులు వేసుకోలేదు. పైన తువ్వాలు కూడా లేదు. ఒంటినిండా నూగుతో వీధిలో పరుగెత్తాడు. పరుగెత్తే చౌడప్పను ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. అరుగు మీద కూర్చున్న ఓబుళేశు "ఏమప్పా, ఎవరికేమైనాది?" అని లేచి నిలబడ్డాడు. చౌడప్ప ఆగలేదు. వెనక పద్మ పరుగెత్తుకొస్తోంది, ఫోను పట్టుకుని.

బీబమ్మ ఇల్లు రెండో మలుపు తిరగ్గానే కనపడుతుంది. 

శిరీన్ పండగ గుడ్డలు కట్టుకుని తలుపు ముందర నిలబడి ఉంది. చేతులనిండా కొత్త గాజులు. ఎదురుగా బీబమ్మ, ముబీన్ పాత ఫోను రెండు చేతులా పట్టుకుని, కళ్ళు చికిలించి, "తల పైకెత్తు బేటీ, నవ్వు, ఆ, అట్లా," అంటోంది. పిల్ల తన నిలువెత్తు ఫొటో తను తీసుకోలేక జేజిని అడిగింది.

"అక్కా! వద్దు!"

బీబమ్మ తల తిప్పి చూసి నవ్వింది. "రా చౌడప్పా. ఇదేం అవతారమప్పా, దూదిలో దొర్లినావా? చూడు నీ ఇటుకల మామకు మా శిరీన్ ఫొటో కావాలంట. మంచిగా తీసినానో లేదో చూడు."

"పంపినావా?"

"ఇప్పుడే నొక్కినాది పిల్ల. చక్రం తిరుగుతాండాది. నెట్టు లేదు ఈ దిక్కుమాలిన ఫోనుకు."

ఫోను లాక్కున్నాడు. నిజమే, ఫొటో మీద చిన్న చక్రం తిరుగుతోంది. దాన్ని ఎట్లా ఆపాలో అతనికి తెలీదు. అటు నొక్కాడు, ఇటు నొక్కాడు. చక్రం తిరుగుతూనే ఉంది. పక్కన నీళ్ళ తొట్టి కనపడింది. చెయ్యెత్తి ఫోను అందులో వేయబోయాడు.

"విమానం బొమ్మ నొక్కు నాయినా!" పద్మ రొప్పుతూ వచ్చి, అతని చేతిలోంచి ఫోను లాక్కుని, పైనుంచి కిందికి గీసి ఏదో నొక్కింది. చక్రం ఆగింది. ఎర్రటి గుర్తొకటి వచ్చింది. "పోలేదు. తీసేస్తాండా," అని ఇంకోటి నొక్కింది. ఫొటో మాయమైంది.

చౌడప్ప అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"ఏమైనాదప్పా నీకు? ఎండ కొట్టినాదా?" బీబమ్మ నవ్వు ఆగిపోయింది. "శిరీన్, నీళ్ళు తే."

"బీబక్కా, నేను వాని మాట వినలేదు."

"ఎవని మాట?"

"బొమ్మలు చూసినా. మగ్గం నడస్తాండె. వాడు ఏం మాట్లాడతాండాడో నేను వినలేదు. వినకుండానే మీకందరికీ మంచిదని చెప్పినా."

బీబమ్మకు అర్థం కాలేదు. అతను పద్మ చేతిలోని సుంకమ్మ ఫోను తీసుకుని, ఇందాకటి గొంతు మళ్ళీ పెట్టించాడు. పిల్లలిద్దర్నీ ఇంట్లోకి పొమ్మని తలుపు దగ్గరికి వేశాడు. బీబమ్మ అరుగు మీద కూర్చుని వింది. "తలుపు కనపడేలా" అన్నప్పుడు తన తలుపు వైపు చూసింది. "సీక్రెట్" అన్నప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"శనివారం నేను సంతకు పోయేది కూడా చెప్పిరా వీండ్లు?"

చౌడప్ప తలూపాడు.

ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "నువ్వు చూసినావనే గదప్పా పిల్లకు ఫోను ఇచ్చినా," అంది. "నా చేత్తో నేనే ఫొటో తీస్తి. దానికి కొత్త గాజులేసి మరీ తీస్తి. యా అల్లా." 

"నాదే తప్పు."

"నీదే. కాదని నేను చెప్పను." ఆమె కళ్ళు తుడుచుకుని సుంకమ్మ ఫోనులోంచి ముబీన్‌కు ఫోను చేసి సంగతంతా చెప్పింది. మైదుకూరు స్టాండులో ఉన్నాడు, వెంటనే బయల్దేరతానన్నాడు. ఫోనులోంచి ఏమీ తీసేయొద్దని, ఆ గొంతులన్నీ అట్లే ఉంచమని, అందరం కలిసి పోలీసు స్టేషనుకు పోదామని చెప్పాడు. ఆ నంబరుకు ఎవరూ మళ్ళీ ఒక్క మాట కూడా పెట్టొద్దన్నాడు.

"నువ్వు చూసి చెప్పినావే మొదలు, ఆ వీడియో పెట్టు," అంది బీబమ్మ.

"ఎందుకక్కా?"

"పెట్టప్పా. నేనూ వినాల."

పద్మను పిలిచి వెతికించి పెట్టారు. ఇల్లు, గోధుమ మడి, గొర్రెల దొడ్డి. బొమ్మలు అతను చూసినవే. బీబమ్మ ఫోను తిప్పి అరుగు మీద బోర్లా పెట్టింది. ఇద్దరూ తలలు వంచుకుని విన్నారు. రెండు నిమిషాలు తియ్యటి మాటలు. మూడో నిమిషంలో మొదటి తిట్టు. ఆ తర్వాత, అమ్మానాన్నలకు ఆటలు అర్థం కావని, వాళ్ళకు చెప్పడం దండగని, మామ ఒక్కడే మీ మనిషని నాలుగుసార్లు చెప్పాడు. చౌడప్ప లెక్కపెట్టాడు. ఆ నాలుగుసార్లూ తను ఆ ఫోనుకు మూరెడు దూరంలో నేస్తూనే ఉన్నాడు.

"ఇంకెన్ని ఇండ్లకు చెప్పినావు మంచిదని?" బీబమ్మ అడిగింది.

"నాలుగు."

"ముబీన్ వచ్చేదానికి అరగంట పడుతాది. లెయ్."

"నువ్వెందుకక్కా, ఎండలో?"

"ఒకనివే పోతే ఏం చెప్తావు నువ్వు? గుమ్మంలో దుంగ మాదిరి నిలబడతావు. నడువ్."

ఆమె పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుంది. మొదటి ఇల్లు భీమక్కది. భీమక్క వాకిట్లో కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. ఆమె కొడుకులిద్దరూ లోపల మంచం మీద ఒకే ఫోనుపై వాలిపోయి ఉన్నారు. వాళ్ళ ముఖాల మీద ఇటుకల రంగులు మారుతున్నాయి.

"ఏమప్పా, అందరూ దండు మాదిరి వస్తాండారు?" అని నవ్వింది భీమక్క. "నువ్వు చెప్పిన బొమ్మలే చూస్తాండారు మావోళ్ళు. పొద్దున్నించి చప్పుడే లేదు, బంగారమంటి పిల్లోళ్ళు."

లోపలి పిల్లల చెవులకు ఇయర్‌ఫోను తీగలు వేలాడుతున్నాయి. అందుకే చప్పుడు లేదు.

చౌడప్ప గడప దాటి లోపలికి పోయాడు. పెద్దవాడి చెవిలోంచి తీగ మెల్లగా తీశాడు. దాన్ని ఫోనులోంచి ఊడబెరికి, ఆ ఫోను తీసుకొచ్చి భీమక్క ఒళ్ళో పెట్టాడు.

"వదినా, నేను మీకు తప్పు చెప్పినా," అన్నాడు. "రాట్నం ఆపు. కండ్లు మూసుకుని ఒక్క పది నిమిషాలు ఇది విను."