డిప్యూటీ గారి మహాక్రిమి

మా ఆసుపత్రి డిప్యూటీ డైరెక్టర్ తోయాన్ గారికి సూక్ష్మజీవులంటే ఏనాడూ లెక్కలేదు. నేను నడిపే ల్యాబ్‌ను "వంటిల్లు" అనేవాడు. మేము గాజు పళ్లెంలో క్రిమిని పెంచి, ఏ మందుకు చస్తుందో చూసి చెప్పేలోపు ఆయన తనకు తోచిన మందేదో రాసేసేవాడు. అలాంటి మహానుభావుడు, నేను మా నాన్న తద్దినానికి కామావ్ వెళ్లి వచ్చేసరికి, విలేకరులను కూర్చోబెట్టి క్రిముల మీద ఉపన్యాసం దంచుతున్నాడు. ఏ మందుకూ లొంగని మహాక్రిమి మన దగ్గరే దొరికిందని ఒకటే మురిపెం. మనవడు పుట్టినా అంత సంబరపడి ఉండడు.

అది దొరికింది ఆరో పిన్ని మూత్రంలో. ఆసుపత్రి గేటు దగ్గర నూడుల్స్ అమ్ముతుంది. ఇంట్లో ఐదో బిడ్డే అయినా, మా దక్షిణ వియత్నాంలో పిల్లల లెక్క రెండు నుంచి మొదలవుతుంది కనుక అందరికీ ఆరో పిన్ని. ఆమె పులుసు రుచి చూడకుండా మా ఆసుపత్రికి తెల్లారదు. చలిజ్వరంతో చేరితే ఆమెకు కొలిస్టిన్ ఎక్కిస్తున్నారు. వేరే దారి లేనప్పుడు తప్ప ముట్టుకోకూడని మందు అది, మూత్రపిండాలను తినేస్తుంది.

వార్డుకు వెళితే ముఖం ఉబ్బిపోయి ఉంది.

"డాక్టరమ్మా, నా కడుపులో పెద్ద పురుగే ఉందంట. పేపర్లో వేస్తారంట" అంది. "ఒంటేలు మాత్రం రావట్లేదు తల్లీ."

నాకు ఒళ్లు మండిపోయింది. ల్యాబ్‌కు వచ్చి పళ్లెం తీయించాను. మందు అద్దిన కాగితపు బిళ్లలను క్రిమి పొర మీద పరుస్తాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ గుండ్రం ఏర్పడుతుంది. ఈ పళ్లెంలో ఒక్క గుండ్రమూ లేదు. అన్ని మందులూ ఒకేసారి ఓడిపోయాయంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. బిళ్లల డబ్బా తెరిచాను. గుప్పున దురియన్ కంపు కొట్టింది, పనస లాంటి ముళ్ల పండు అది.

"దియెమ్! ఏమిటే ఇది?"

మా టెక్నీషియన్ దియెమ్ నేల చూపులు చూసింది. "హనోయ్ నుంచి పెద్దలొస్తున్నారని డిప్యూటీ గారు దురియన్లు పంపారక్కా. మన ఫ్రీజర్లో పెట్టమన్నారు. చోటు చాలక బిళ్లలు బయట పెట్టాం. వాళ్లు తినేసి వెళ్లాక మళ్లీ లోపల పెట్టేశాం."

"బిళ్లలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడకుండా ఫలితం ఎలా పంపావు?"

"ఆగనిస్తేనా! పళ్లెం చూడగానే విలేకరులను పిలిచేసి, వాళ్లొచ్చేలోపు ఫలితం కావాలని డిప్యూటీ గారు మీద కూర్చున్నారు."

మా ఊరి ఉక్కలో చెమ్మ పట్టిన బిళ్లలో మందేం మిగులుతుంది? ఉత్త కాగితం ముక్క. కాగితానికి ఏ క్రిమి చస్తుంది? వెంటనే తోయాన్ గారి గదికి వెళ్లి కొలిస్టిన్ ఆపమన్నాను.

"కంపు కొట్టిందని వైద్యం మారుస్తామా అమ్మా? రుజువు తీసుకురా" అన్నాడు, అద్దంలో టై సర్దుకుంటూ.

రుజువుకు ఒక రాత్రి పడుతుంది. ఆ రాత్రంతా ఆ మందు పిన్ని ఒంట్లోకి ఎక్కుతూనే ఉంటుంది. పొరుగు జిల్లా ఆసుపత్రి నుంచి బస్సులో కొత్త బిళ్లలు తెప్పించాను. ఈ మందులన్నిటికీ చచ్చే తీరుతుందని ప్రపంచమంతా ఎరిగిన సాధు క్రిమి ఒకటి మా దగ్గర ఉంటుంది, బిళ్లలను పరీక్షించడానికే. దాని మీద పాత బిళ్లలు పరిచాను. పిన్ని క్రిమి మీద కొత్తవి పరిచాను.

తెల్లారేసరికి సాధు క్రిమి కూడా మహాక్రిమి అయి కూర్చుంది. పిన్ని క్రిమేమో, ఏ మందుల షాపులోనైనా దొరికే మామూలు మందు చుట్టూ ఇంతేసి గుండ్రం మేర చచ్చి పడి ఉంది.

రెండు పళ్లేలూ ఆయన బల్ల మీద పెట్టాను. "మీ మహాక్రిమిని కన్నది మీ దురియన్లండీ" అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది, ఒక్క క్షణం. అంతలోనే తేరుకున్నాడు. "మందు మార్చేద్దాం. కానీ ఈ మాట గది దాటకూడదు. ఆసుపత్రి పరువు చూసుకోవాలి కదా."

పిన్ని పరువు, పిన్ని ప్రాణం ఆయన లెక్కలోకే రాలేదు. మందు మారింది, జ్వరం దిగింది. వారం తిరక్కుండా పత్రికలో ఆయన ఫోటో పడింది, మహాక్రిమిని జయించిన వైద్యుడట! సిగ్గు పడాల్సిన చోట దండ వేయించుకునే విద్య కొందరికే వస్తుంది.

పిన్ని ఇంటికి వెళ్లింది కానీ మూత్రపిండాలు పూర్తిగా కోలుకోలేదు. ఉప్పు నాలుక మీద పెట్టొద్దన్నారు. ఇప్పుడు పులుసు కూతురు కాస్తోంది. పిన్ని పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిరి వాసన చూసి సలహా చెబుతుంది. గరిటె నోటి దాకా ఎత్తి, గుర్తొచ్చి దించేస్తుంది. అది చూసి నేను ఉండబట్టలేకపోయాను. గది దాటకూడదన్న మాటను గేటు దాకా మోసుకెళ్లి పిన్నికి మొత్తం చెప్పేశాను.

పిన్ని ఏడవలేదు, తిట్టలేదు. "దురియన్లా?" అని ఒక్కమాట అడిగింది.

మర్నాడు తోయాన్ గారు ఇద్దరు అతిథులను వెంటేసుకుని నూడుల్స్ తినడానికి పిన్ని దగ్గరికి వచ్చాడు. "ఈమే! నేను బతికించిన మనిషి" అని చూపించాడు. పిన్ని స్టూలు మీంచి లేచి, ఆయన గిన్నెను తాను తాగే చిన్న కుండలోంచి నింపి ముందు పెట్టింది. బల్ల మీది ఉప్పటి చేపసాస్ సీసా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆయన ఒక చెంచా తాగి ముఖం చిట్లించాడు. "పిన్నీ, ఇందులో ఉప్పేదీ?"

"నాకు నువ్వు పెట్టిన తిండే నాయనా" అంది పిన్ని. "చివరిదాకా తాగు."