తాత ఒప్పజెప్పిన పాఠం

నేను ఒక బీపీ మిషనును. గుండ్రటి ముఖం, అందులో ఒక ముల్లు, చేతికి చుట్టే నల్లటి పట్టీ, పిండితే గాలి కొట్టే రబ్బరు బుడ్డి. ఇదీ నా ఒళ్లు. ఉత్తరాదిన ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో సిరిసిల్ల చేరాను. ఇళ్లకు వెళ్లి ముసలివాళ్ల ఆరోగ్యం చూసే నర్సులకు అక్కడొక శిక్షణ కేంద్రం ఉంది. అందులో నాకు కొలువు. జీతం లేదు గానీ, నేను చెప్పిందే వేదం.

మొదటి నెలంతా ఆడపిల్లలు ఒకరి చేతికొకరు నన్ను చుట్టి నేర్చుకున్నారు. వాళ్లలో స్వరూపకు నా పని పది నిమిషాల్లో పట్టుబడింది. చిక్కంతా ఆమె నోటితోనే. ముసలివాళ్లు కనబడితే చాలు, ఉప్పు, పచ్చళ్లు, నడక, మందులు అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసేది. వాళ్లు తలూపేవాళ్లు. ఈమె పుస్తకంలో ‘అర్థమైంది’ అని రాసుకునేది. ఎదుటివాళ్లను త్వరగా సాగనంపాలన్నా మనుషులు తలూపుతారని ఆమెకింకా తెలియదు.

శిక్షణ ఇచ్చే ఎస్తేరు మేడానికి తెలుసు. అందుకే పరీక్ష వేరేగా పెట్టింది. నర్సు చెప్పినదాన్ని ముసలివాళ్లే మేడానికి తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే నర్సు తప్పినట్టు. స్వరూప అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే కొలువు లేదు, ఇంటికెళ్లి అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టుకోవడమే.

రెండో పరీక్ష లక్ష్మీరాజం తాత ఇంట్లో. డెబ్బై ఆరేళ్ల నేతగాడు, మగ్గం మానేసి మూడేళ్లయింది. వారం ముందు స్వరూప వెళ్లి పాఠం చెబుతూ చెబుతూ తన కష్టం కూడా చెప్పుకుని కళ్లు తుడుచుకుంది. తాత మనసు కరిగిపోయింది. వారమంతా కూర్చుని పాఠం బట్టీ పట్టాడు.

పరీక్ష రోజు మేడం కుర్చీలో కూర్చోగానే తాత చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు.

“ఉప్పు తక్కువ తినాలె. తొక్కు పచ్చళ్లు ముట్టద్దు. గోలి దినాం ఏసుకోవాలె, మంచిగున్నా బంద్ చెయ్యద్దు. పొద్దుగాల అర్ధగంట నడ్వాలె.”

ఒక్క ముక్క తప్పలేదు. స్వరూప ముఖం వెలిగిపోయింది. మేడం పెన్ను తీసింది. అప్పుడు నన్ను చుట్టారు.

నా ముల్లు నూట ఎనభై దగ్గర కొట్టుకుంది. చూసింది స్వరూప ఒక్కతే.

“ఎంత?” అంది మేడం.

నాకు కాళ్లుంటే అప్పుడే పారిపోయేదాన్ని. స్వరూప నూట నలభై అని అబద్ధమాడితే చాలు, పాసు. కాదనడానికి నాకు నోరు లేదు.

“నూట ఎనభై మేడం,” అంది స్వరూప. “తాత నా కోసం బట్టీ పట్టిండు. గోలీలు ఏసుకుంటలేనట్టుంది.” తర్వాత తాత వైపు తిరిగింది. “గోలీలు ఏడున్నయ్ తాతా? ఒకసారి సూపియ్యవా?”

అంతే అడిగి ఊరుకుంది. ఆమె అలా ఊరుకోవడం నేను మొదటిసారి చూశాను. తాత గూట్లోంచి కవరు తెచ్చాడు. రెండు నెలల గోలీలు, ఒక్కటీ ముట్టలేదు.

“డాక్టరు టిఫిన్ తిన్నంక ఏసుకోమన్నడు బిడ్డా. పొద్దుగాల నాకు చాయ్ తప్ప టిఫిన్ అలవాటే లేదు. మరెట్ల ఏసుకోవాలె?”

నా బతుకులో ఇంత మాట వినే రోగి మరొకరు తగల్లేదు. మేడం వెంటనే డాక్టరుకు ఫోను చేసింది. చాయ్ తర్వాత వేసుకున్నా ఏమీ కాదన్నాడాయన.

“చాయ్ తాగినంక ఏసుకో తాతా,” అంది స్వరూప. ఉప్పు ఊసెత్తలేదు, నడక ఊసెత్తలేదు.

మేడం కాగితం మీద ఏదో రాసింది. తాత ఉండబట్టలేకపోయాడు.

“నేనన్నీ సక్కగనే ఒప్పజెప్పిన. పిల్లను పాస్ చేసినవా లేదా?”

“పిల్ల పాసయింది పెద్దయ్యా. నువ్వే ఫేలయినవ్.”

ఇప్పుడు కేంద్రానికి మీట నొక్కితే అంకె చూపే మిషన్లు వచ్చాయి. నేను బీరువాలో పై అరకు చేరాను. కానీ లక్ష్మీరాజం తాతకు వాటి మీద నమ్మకం లేదు, నేనే రావాలట. నెలకోసారి స్వరూప సంచిలో బయల్దేరుతాను. నన్ను చుట్టగానే ఆయన కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టబోయి, స్వరూప కసురుకుంటే వదిలేస్తాడు. పోయిన మంగళవారం నా ముల్లు నూట ముప్ఫై ఆరు దగ్గర కొట్టుకుంది.

స్వరూప పట్టీ విప్పింది. “కండ్లు తెరువు తాతా,” అంది. “పాసయినవ్.”