ఐదడుగుల రెండంగుళాల దగ్గర

2021 డిసెంబర్ 7, మంగళవారం, ఉదయం పదకొండు ఇరవైకి దేవరకొండ బస్టాండు ఎదురుగా ఉన్న ఫ్లెక్సీ షాపులో, ప్రింటవుతున్న బొమ్మ మీద సిరా చుక్క పడింది. బొమ్మలో ఉన్నది జానయ్య, యాభై ఎనిమిదేళ్ల గొర్రెల కాపరి. చుక్క పడింది నుదుటి మధ్యన. మిషన్ నడుపుతున్నది అతని కూతురు కోమల.

ఆమె మిషన్ ఆపింది. చుక్క శనగగింజంత ఉంది. ఎరుపు. ఆరే కొద్దీ అంచులు కుంకుమ రంగుకు తిరుగుతున్నాయి.

వాళ్ల ఊళ్లో బతికున్న మనిషి ఫొటోకు బొట్టు పెట్టరు. మనిషి పోయాక ఫొటోకు అద్దం కట్టించి, దండ వేసి, అద్దం మీద నుదురు వచ్చే చోట బొట్టు పెడతారు. గోడ మీది ఫొటోల్లో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో ఇంటికొచ్చిన చుట్టానికి ఆ బొట్టే చెబుతుంది.

ఒక్క చుక్కకే అయితే కోమల మిషన్ ఆపేది కాదు. ఆ షాపులో చేరి నాలుగేళ్లయింది. ఆ ఏడాది ఆగస్టులో ఐలేశం అనే బస్సు డ్రైవరు రిటైరైతే తోటి డ్రైవర్లు పదడుగుల ఫ్లెక్సీ కొట్టించారు. నుదుటి మీద చుక్క పడింది. షాపు యజమాని విజేందర్ దాన్ని బట్టతో తుడిచి ఇచ్చేశాడు. తొమ్మిదో రోజు వాళ్లే మళ్లీ వచ్చారు. ఫొటో అదే ఉండాలి, కింద మాటలు మార్చాలి అన్నారు. అక్టోబరులో ఉమారాణి అనే టీచరుకు అవార్డు వచ్చింది. చుక్క పడింది, తుడిచి ఇచ్చారు. బడి వాళ్లు పదకొండో రోజు వచ్చారు. రెండుసార్లూ పాత ఫైలు తెరిచి, ‘శ్రద్ధాంజలి’ అని కొట్టింది కోమలే.

“ఇది మూడోదన్నా,” అంది విజేందర్‌తో.

“మూడోది గాదు, ముప్పయ్యోది,” అన్నాడు అతను. ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. “బొమ్మ కొట్టే హెడ్లకు సిరా పేరుకుంటది, బరువైతే కారుతది. గది సిరా కోమలా, యముడు గాదు. తుడిచియ్యి.”

“మా బాపుదన్నా.”

విజేందర్ లేచి వచ్చి చూశాడు.

“సరే, ఇంకోటి కొట్టు. డానియల్‌కు ఫోన్ జేస్త, వచ్చి హెడ్లు జూస్తడు.”

గొర్రెల పెంపకందార్ల సంఘానికి జానయ్య అధ్యక్షుడైనందుకు సంఘం వాళ్లు కొట్టిస్తున్న ఫ్లెక్సీ అది. వారం ముందు నమూనా చూపిస్తే జానయ్య ఒక్క మార్పు అడిగాడు. “నన్ను పక్కకు జరిపి నడిమిట్ల నా పొట్టేలును పెట్టుండ్రి. మీరు ఓట్లేసింది దాన్ని జూసి.” అందరూ నవ్వారు. అలాగే పెట్టారు.

రెండోసారి చుక్క పడలేదు. మధ్యాహ్నం జానయ్యే వచ్చి పాడైన ఫ్లెక్సీని చుట్టి భుజాన వేసుకున్నాడు. షాపులో పాడైనవన్నీ అతని గొర్రెపిల్లల దొడ్డికే పోతాయి. తెలుపు వైపు పైకి, బొమ్మ వైపు లోపలికి పెట్టి కడతాడు, ఎండ ఆగుతుందని. దొడ్డిలోకి వంగి వెళ్లిన మనిషి తలెత్తితే పైన మొహాలుంటాయి.

ఆ సాయంత్రం దొడ్డి దగ్గర కోమల అడిగింది.

“బాపు, ఆదివారం హాలియాకు పోకు.”

హాలియా వైపు సాగర్ కాలువ కింద వరికోతలు అయ్యాక రైతులు పొలాల్లో మంద పెట్టించుకుంటారు. గొర్రెల ఎరువు కోసం. జానయ్య ఏటా పోతాడు.

“ఎందుకు?”

చెప్పింది. ఐలేశం సంగతి, ఉమారాణి సంగతి, ఎన్నో రోజు ఎవరు వచ్చారన్నది. జానయ్య ఫ్లెక్సీ విప్పి తన మొహం చూసుకున్నాడు.

“మంచిగనే పెట్టిండ్రు. సరిగ్గ నడుమకు పడ్డది. పెండ్లినాడు మీ మేనత్త గూడ గింత సక్కగ పెట్టలే.”

“నగకు బాపు.”

జానయ్య నవ్వు ఆపాడు. ఫ్లెక్సీని చుట్టి పక్కన పెట్టాడు.

“ఇగో బిడ్డా, ఒక మాట జెప్త ఇను. మిషన్ల తప్పుంటే అది సిరా. నేను పోత. మిషన్ల తప్పు లేదని నువ్వు తేల్చితే, ఆగుత. ఎక్కడున్నా ఆగుత. సరేనా?”

“సరే.”

బుధవారం ఆమె షాపులో చేయగలిగిందంతా చేసింది. హెడ్లలోని రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చెప్పే గీతల ప్రింటు తీసింది. ఒక్క గీత తెగలేదు. హెడ్ల కింద తెల్లకాగితం పెట్టి గంట ఆగింది. మరక పడలేదు.

సాయంత్రం దొడ్డిలో గొర్రెపిల్లలకు ఆకు వేస్తూ తలెత్తినప్పుడు పైన ఒక ఎర్రచుక్క కనిపించింది. బట్టల దుకాణం ఫ్లెక్సీ అది. చుక్క ఒక అక్షరం మీద ఉంది. పక్కదాంట్లో ఫంక్షన్ హాలు గేటు మీద ఉంది. ఇంకోదాంట్లో ఒక పిల్లవాడి మోకాలి మీద. నాలుగోదాంట్లో ఖాళీ నీలం మీద. ఇంట్లోంచి టేపు తెచ్చి ఫ్లెక్సీ ఎడమ అంచు నుంచి కొలిచింది. నాలుగూ పదడుగుల వెడల్పువి. నాలుగింట్లోనూ చుక్క ఐదడుగుల రెండంగుళాల దగ్గరే ఉంది.

ఐలేశం మొహం, ఉమారాణి మొహం పదడుగుల ఫ్లెక్సీకి నడుమన ఉన్నాయి. ఆ రాత్రి ఆమె నిద్రపోయింది.

గురువారం పదింటికి జడ్చర్ల నుంచి డానియల్ వచ్చాడు. ఆ చుట్టుపక్కల సగం ఫ్లెక్సీ మిషన్లు బాగుచేసేది అతనే. హెడ్ల కింద అద్దం పెట్టి టార్చి వేసి చూశాడు.

“కడిగిన కంచాల లెక్క ఉన్నయి గదా చెల్లె. ఎక్కడిది చుక్క?”

కోమల కొలత చెప్పింది. డానియల్ ఆమె వైపు చూసి, “నువ్వు నా కడుపు గొట్టేటట్టున్నవ్,” అన్నాడు. హెడ్లు మోసే పెట్టెను ఖాళీగా అటూ ఇటూ తిప్పించి, అది జారే కమ్మీ మీద అరచెయ్యి ఆనించాడు. ఐదడుగుల రెండంగుళాల దగ్గర చెయ్యి అదిరింది. కింద బోల్టు వదులైంది.

“కుదుపు దొరికింది. సిరా ఎక్కడ దాసుకుంటుందో జూద్దాం.”

మొత్తం ఎరుపు వచ్చేలా ప్రింటు పెట్టి, అద్దం పట్టుకుని నేల మీద పడుకున్నాడు. కోమల టార్చి పట్టింది. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. ఇరవై రెండో నిమిషంలో, హెడ్లకు కాదు, వాటి వెనక ఉన్న రేకు అంచుకు ఎర్రగా ఒక పూస కట్టింది. ప్రింటయ్యేటప్పుడు గాలిలోకి లేచే సిరా తుంపర ఆ అంచున చేరుతోంది. హెడ్లనే తుడిచే వాళ్లకు అది కనబడదు. పూస పెరిగింది. పెట్టె కుదుపు మీదికి వచ్చింది. చుక్క రాలింది.

డానియల్ బోల్టు బిగించాడు. అంచు తుడిచాడు. పావుగంటకోసారి అక్కడ తుడవాలన్నాడు. మూడు గంటలు మిషన్ నడిపారు. చుక్క పడలేదు.

“దయ్యం దొరికింది చెల్లె,” అన్నాడు సంచి సర్దుకుంటూ. “పదమూడో నంబరు పానకు తిరిగింది.”

కోమల తండ్రికి ఫోన్ చేసింది. “మిషన్ల తప్పే బాపు.”

“చెప్పిన గద,” అన్నాడు జానయ్య.

ఆదివారం తెల్లారి జానయ్య నూట నలభై గొర్రెలను తోలుకుని బయల్దేరాడు. పొట్టేలు ముందు నడిచింది. మంచుకు పైన కప్పుకోవడానికి, దొడ్డికి ఇంకా కట్టని ఆ చుక్క ఫ్లెక్సీనే చంకన పెట్టుకున్నాడు. సోమవారం సాయంత్రం హాలియా చేరాడు. రోజూ ఏడింటికి ఫోన్ చేశాడు. గురువారం తొమ్మిదో రోజు. ఆ రోజు కోమలే ముందు చేసింది.

“ఉన్న బిడ్డా, ఉన్న. రాసుకో,” అన్నాడు.

శనివారం, డిసెంబర్ 18, ఉదయం పదకొండింటికి సంఘం కార్యదర్శి పరశురాములు షాపుకు వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“కోమలా, మీ బాపు ఫొటో మల్లోసారి కొట్టాలె.”

కోమల కీబోర్డు మీంచి తలెత్తింది.

“ఎందుకు కాకా?”

“ఎందుకేంది? మల్లేపల్లి చౌరస్తాల ఒకటి గడదామని. గట్ల జూస్తవేందే, పైసలియ్యననుకున్నవా?”

ఆమె ఊపిరి వదిలి ఫైలు తెరిచింది. పదడుగుల వెడల్పు, స్క్రీన్ పైన కొలబద్ద. నడుమన పొట్టేలు ఉంది. ఐదడుగుల రెండంగుళాల దగ్గర ఉన్నది పొట్టేలు ఎడమ కొమ్ము. జానయ్య నుదురు మూడడుగుల నాలుగంగుళాల దగ్గర ఉంది.

బొమ్మ పక్కకు జరిగి ఉంటుందేమో చూసింది. రోలు వెడల్పు పదడుగులే. జరగడానికి జాగా లేదు.

తండ్రికి ఫోన్ చేసింది. స్విచాఫ్. డానియల్‌కు చేసింది.

“అన్నా, మూడడుగుల నాలుగంగుళాల దగ్గర గూడ ఏమన్న బోల్టుందా?”

“లేదు చెల్లె. కమ్మీ పొడుగూత చెయ్యి వెట్టి జూసిన గద, ఆడ నున్నగున్నది. ఎందుకు?”

ఆమె ఫోన్ పెట్టేసింది. టేపు సంచిలో వేసుకుని పన్నెండింటి బస్సెక్కింది.

హాలియాలో దిగి, దారి అడుక్కుంటూ పొలానికి చేరేసరికి మూడు యాభై. కాలువ కట్ట పక్కన కోసిన మడిలో మంద ఉంది. గట్టు మీద నాలుగు కర్రలకు ఫ్లెక్సీ కట్టి ఉంది, బొమ్మ వైపు కిందికి. కింద గొంగడి, సద్దిగిన్నె, ఆరిపోయిన ఫోన్ ఉన్నాయి. జానయ్య మందకు అటు చివర ఉన్నాడు.

కోమల ఫ్లెక్సీ కింద కూర్చుని ఎడమ అంచుకు టేపు ఆనించింది. ఐదడుగుల రెండంగుళాల దగ్గర పొట్టేలు కొమ్ము ఉంది. దాని మీద మరక లేదు. చుక్క మూడడుగుల నాలుగంగుళాల దగ్గర ఉంది. టేపు చుట్టి, మళ్లీ లాగి కొలిచింది. మూడడుగుల నాలుగంగుళాలు.

“ఏం బిడ్డా, నా కొలతలు దీస్తున్నవ్? అంగీ గుట్టిస్తవా?”

జానయ్య కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

“బాపు, ఇంటికి పోదాం. ఇప్పుడే.”

“మిషన్ల తప్పే అంటివి గద?”

“అన్న. అన్నిట్ల అదే తప్పు. నీ దాంట్ల గాదు.”

జానయ్య వంగి ఫ్లెక్సీ కిందికి వచ్చాడు. తన మొహం వైపు, దాని నుదుటి వైపు కొంతసేపు చూశాడు. ఈసారి నవ్వలేదు.

“మాటంటే మాటే. ఆగుతనన్న, ఆగుత. మంద గీ రైతుకు అప్పజెప్పి ఆరింటి బస్సుకు పోదాం. ముందు నోరులేనియాటికి నీళ్లు తాపొస్త. కాలువకు నిన్ననే నీళ్లు ఇడిసిండ్రు, అంచులదాంక పారుతున్నది.”

“నేనూ వస్త.”

“ఏడికి? గీడికే గద. నువ్వు ఇది ఇప్పి సర్దు, నేనొచ్చేదాంక.”

అతను నోటితో చప్పుడు చేస్తే పొట్టేలు తలెత్తింది. మంద దాని వెనక కదిలింది. కట్ట ఎక్కాక జానయ్య ఒకసారి తిరిగి చెయ్యెత్తాడు. అప్పుడు నాలుగు పది.

కోమల మూడు ముళ్లు విప్పింది. నాలుగోది బిగుసుకుపోయింది, పళ్లతో లాగింది. ఫ్లెక్సీ చుట్టింది. గొంగడి మడత పెట్టింది.

నాలుగు ముప్పైకి మంద కట్ట దిగి మడిలోకి వచ్చింది. పొట్టేలు ముందుంది. గొర్రెల మూతులు తడిగా ఉన్నాయి. ఆమె నిలబడి లెక్కపెట్టింది. నూట నలభై. మంద వెనక ఎవరూ లేరు.