ర్యాంకు లేని దేవుడు

పూజ అల్మరాలో దుమ్ము కనిపిస్తే శేషమ్మ చెయ్యి ఊరుకోదు. అమెరికాలోని శాంటా క్లారాకు, కూతురింటికి వచ్చినా ఆ చెయ్యి ఆ చెయ్యే. పక్కింటి జపాన్ ఆవిడ నకావో, తమ ఇంటికి చెదల మందు కొట్టిస్తూ, ఒక చెక్కపెట్టెను వీళ్లకు దాచమని ఇచ్చింది. "అది వాళ్ల దేవుడమ్మా" అని అలేఖ్య దాన్ని పూజ అల్మరాలో పెట్టి ఆఫీసుకి వెళ్లిపోయింది.

శుక్రవారం పూట ఎవరి దేవుడికైనా పువ్వు పెట్టకపోతే ఎలా? శేషమ్మ మూత తీసింది. పాతగుడ్డలో కోడిగుడ్డంత నల్లరాయి. చక్రం లేదు, నామం లేదు. విగ్రహాన్ని ఆవిడ వెంట తీసుకెళ్లి, పెట్టె ఒరగకుండా రాయి పెట్టింది కాబోలు అనుకుంది. గుడ్డ ఉతికి ఆరేసింది. ఉట్టి రాయికి అల్మరాలో ఏం పని అని, దాన్ని పెరట్లో పరిచిన గులకరాళ్లలోకి విసిరేసింది.

సాయంత్రం టీ తాగుతూ అలేఖ్య ఆ పెట్టె కథ ఎత్తుకుంది.

"వాళ్ల దేశంలో ఒకప్పుడు గవర్నమెంటే గుళ్లకి ర్యాంకులు ఇచ్చేదంటమ్మా. పై ర్యాంకు గుళ్లకి సర్కారు నైవేద్యాలు. వీళ్ల ఊరి గుడికి అసలు ర్యాంకే లేదు. అలాంటివి చాలా మూసేసి పెద్ద గుళ్లలో కలిపేశారంట. ఆఫీసర్లు లోపల చూసి, ఇది ఉట్టి రాయే కదా అన్నారంట. ఆవిడ తాతగారు ఆ రాయిని దాచి ఇక్కడికి తెచ్చుకున్నారు. అప్పట్నుంచి పెట్టె ఎవరూ ఓపెన్ చెయ్యలేదు."

శేషమ్మ టీ కప్పు కింద పెట్టేసింది. ఆ ఆఫీసర్లన్న మాటే తనూ అనుకుంది.

"ఆవిడ ఎప్పుడొస్తుందే?"

"వచ్చేస్తోంది. ఇప్పుడే మెసేజ్ చేసింది."

కరివేపాకు కోసుకొస్తానని శేషమ్మ పెరట్లోకి పరుగెత్తింది. అన్నీ నల్లరాళ్లే, అన్నీ కోడిగుడ్డంతే. ఒకటి తీస్తే దాని పక్కదే అసలుదనిపిస్తోంది. ఇంట్లో సాలగ్రామానికి రోజూ అభిషేకం చేసే చేతులకు దేవుడు తగల్లేదు. చెబితే కూతురి పరువు పోతుంది, చెప్పకపోతే ఆ దేవుడు ఊరుకుంటాడా? తెలుగు రాని దేవుణ్ణి ఏమని వేడుకోవాలో కూడా తోచక ఆవిడకు ఏడుపొచ్చింది. ఇంతలో బెల్లు మోగింది. చేతికి దొరికిన రాయిని ఆరీ ఆరని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసింది.

నకావో పెట్టెను రెండు చేతులా అందుకుని, కళ్లు మూసుకుని, నడుం వంచి దణ్ణం పెట్టింది. తర్వాత శేషమ్మ వైపు తిరిగి ఆవిడకూ అంతే వంగింది. శేషమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నీ దగ్గర సేఫ్‌గా ఉన్నాడని థాంక్స్ చెప్తోందమ్మా" అంది అలేఖ్య.

తిరుగు విమానం ఎక్కేదాకా శేషమ్మ మళ్లీ పెరట్లోకి దిగలేదు. కరివేపాకు కూడా కూతురే కోసుకునేది. ఏ రాయి మీద కాలు పడుతుందోనని ఆవిడకు భయం.